చాయ్ తాగండి, ప్లాన్ తర్వాత చూద్దాం

బిలాస్‌పూర్‌లో ఉన్న తెలుగువాళ్లం అందరం ఒకరికి ఒకరం డౌన్‌లైనే. నవ్వకండి, ఉన్న మాటే చెబుతున్నాను. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది. మా పెద్దవాళ్లు బీఎన్నార్, బీఎన్నార్ అని కలవరించేది దాన్నే. పట్టాలు వేయడానికి, ఇంజన్లో బొగ్గు వేయడానికి, గ్యాంగుల్లో పని చేయడానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మనవాళ్లు ఈ లైన్ల వెంట వచ్చారు. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సుళువయ్యాయి. ఒకడికి ఇక్కడ పని దొరికితే ఊళ్లో ఖాళీగా ఉన్న బావమరిదికి కార్డుముక్క రాసేవాడు. బావమరిది వచ్చి తమ్ముణ్ణి పిలిపించుకునేవాడు. తమ్ముడు తోడల్లుణ్ణి. ఎవరు ఎవరి వెనక వచ్చారో మా అత్తగారు కూర్చోబెట్టి వరసగా చెప్పేవారు. పిలిచినవాడికి కమిషన్ ముట్టిందని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వచ్చినవాడికి జీతం ముట్టింది, అది చాలనుకున్నారు.

ఈమధ్య ఆ డౌన్‌లైన్ అన్న మాట, అంటే మన కింద చేర్చుకున్నవాళ్లు, నెట్‌వర్క్ మార్కెటింగ్ పుణ్యమా అని మా రైల్వే కాలనీలో బాగా వినిపిస్తోంది. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి ఎవరో ఒకరి క్వార్టర్లో చాపలు పరుస్తారు. ఒళ్లో పట్టేంత తెల్లబోర్డు, నీలం మార్కరు, సంచిలో రెండు టూత్‌పేస్టులు, గిన్నెలు తోమే ద్రవం, ప్రొటీన్ పౌడరు డబ్బా. "భాభీజీ, బస్ పందరా మినట్" అని ఒకావిడ మొదలుపెడుతుంది. పదిహేను నిమిషాలంటే గంటన్నర అని ఆవిడకీ తెలుసు, మనకీ తెలుసు. పిలిచింది పక్కింటి ఒదిన, మధ్యలో లేచి వచ్చేయలేం. మొహమాటానికి పోతే ఏమయిందో సామెత ఉంది కదా, పిల్లలు కూడా చదువుతారు కాబట్టి ఇక్కడ పూర్తిగా రాయను.

మొన్నామధ్య ఒక చోట గాజుగ్లాసులో నీళ్లు పోసి, గాయాలకు పూసే అయోడిన్ మందు నాలుగు చుక్కలు వేశారు. నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. "ఇదీ మన రక్తం, మనం తినే ఎరువుల కూరలతో ఇలా అయిపోయింది" అన్నారు. తర్వాత ఒక బిళ్ల పొడిచేసి అందులో కలిపారు. చూస్తుండగానే నీళ్లు తేటపడ్డాయి. అందరూ 'ఆ!' అన్నారు. మా మనవరాలు పదకొండో క్లాసు చదువుతోంది, దానికి మొహమాటం లేదు. వంటింట్లోకి పోయి ఇంకో గ్లాసు, అరచెక్క నిమ్మకాయ తెచ్చింది. అలాగే అయోడిన్ కలిపిన నీళ్లలో నిమ్మరసం పిండితే ఆ నీళ్లూ తేటపడ్డాయి. విటమిన్ సి తగిలితే అయోడిన్ రంగులేని అయొడైడ్‌గా మారిపోతుందట, రక్తానికీ దానికీ చుట్టరికం లేదట. బిళ్లల డబ్బా ధర నేను చెప్పను గానీ, నిమ్మకాయ మాత్రం బుధవారీ బజార్లోది.

సరుకు పనికిరానిదని నేననడం లేదు సుమండీ. ఆ గిన్నెల ద్రవం మా ఇంట్లో వాడాం, బాగానే ఉంది, ఖరీదు ఎక్కువ, అంతే. నా పేచీ అంతా టీముతో.

చేరినవాళ్లకి మొట్టమొదటి పని ఏమిటో తెలుసా? వంద పేర్లు రాయాలి. వంద పేర్లంటే ఎక్కడినుంచి వస్తాయి? పెద్దమ్మాయి పెళ్లికి శుభలేఖలు పంచిన జాబితా బీరువాలోంచి దిగుతుంది. సోలాపురీ మాత పూజకి చందా రాసిన రసీదు పుస్తకం దిగుతుంది. ఆంధ్ర సమాజంలో ఉగాది పచ్చడి తిన్నవాళ్లు, పిల్లల స్కూల్ ఆటోలో కలిసి పంపేవాళ్లు, అందరూ ఎక్కుతారు. ఆ కాగితం నేను చూశాను. పేరు పక్కన 'ఈవిడకి ఈ సరుకు కావాలి' అని ఒక్కచోటా లేదు. 'మన మాట కాదనదు' అని రెండు మూడు చోట్ల ఉంది.

ఇంక బోర్డు మీద గుండ్రాలు. మీరొక గుండ్రం, మీ కింద ఆరు, ఆ ఆరింటి కింద ఆరేసి. చూడ్డానికి ముగ్గులాగే ఉంటుంది, కాదనను. ఇంటికొచ్చి ఆ ముగ్గును కింద దాకా పొడిగించి చూశాను. 6, 36, 216, 1,296, 7,776, 46,656, ఏడో వరసకి 2,79,936. మొత్తం కూడితే 3,35,922. 2011 జనాభా లెక్కల్లో మా బిలాస్‌పూర్ నగరం మూడు లక్షల ముప్పై వేల పైచిలుకు. అంటే ఏడు వరసలు నిండేసరికి హైకోర్టు జడ్జిగారు, తార్‌బహార్ చౌరస్తాలో పానీపూరీ అబ్బాయి, ఉయ్యాల్లో పసిపాప, అందరూ డిస్ట్రిబ్యూటర్లే. ఎనిమిదో వరసకి మనుషులు కావాలంటే లోకల్ ఎక్కి కోర్బా పోవాలి. నిజానికి అంత దూరం రాదు, మధ్యలోనే తెగిపోతుంది. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఆ పెద్ద లెక్కలో ఆఖరి వరసవాళ్లు నూటికి ఎనభై ముగ్గురు. ఎక్కడ ఆపినా ఇంచుమించు ఇంతే. వాళ్ల కింద ఎవరూ ఉండరు, వాళ్లు కొనడమే ఉంటుంది. ఐడీ, అంటే సభ్యత్వం, 'యాక్టివ్'గా ఉండాలంటే నెలనెలా ఇన్ని పాయింట్ల (పీవీ) సరుకు కొనాలి కదా. ఉదాహరణకి, నెలకి రెండు వేల సరుకు కొంటే నూటయాభై కమిషన్ వచ్చిందనుకోండి. మీటింగుకి పెట్టిన చాయ్, బిస్కట్లు, రాయ్‌పూర్‌లో పెద్ద ఫంక్షన్‌కి టికెట్టు, రైలు ఛార్జీ అందులోంచి తీసేయండి. మిగిలింది మీరే చెప్పండి.

బిరుదులకి మాత్రం లోటుండదు. మావారు గార్డుగా రిటైరయ్యారు. గార్డును ట్రైన్ మేనేజర్ అనాలని రైల్వేకి తోచడానికి 2022 జనవరి దాకా పట్టింది, అప్పటికి ఆయన పచ్చజెండా లోపల పెట్టేసి చాలా కాలమైంది. మా వీధిలో ఒక అమ్మాయి ఈ వ్యాపారంలో చేరిన రెండో నెలకే ఏదో మేనేజర్ అయింది, ఆర్నెల్లకి ఏదో రత్నం పేరు వచ్చింది. మావారు ఆ అమ్మాయిని చూసినప్పుడల్లా లేచి నమస్కారం పెడుతున్నారు.

సరదాకేం గానీ, రైల్వే కాలనీలో ఈ వ్యాపారానికి ఒక ప్రత్యేకత ఉంది. బయటివాళ్లకి తెలీదు, వినండి. ఇక్కడ మగవాళ్ల హోదాలు క్వార్టర్ల గుమ్మాలు దాటి వంటిళ్లలోకి కూడా వస్తాయి. సెక్షన్ ఇంజినీరుగారి భార్య పేరంటానికి పిలిస్తే గ్యాంగ్‌మన్ భార్య ముందే వెళ్లి విస్తళ్లు సర్దుతుంది. ఇప్పుడు గ్యాంగ్‌మన్ అనకూడదు, ట్రాక్ మెయింటెయినర్ అనాలి. పేరు మారినా విస్తళ్లు సర్దడం మారలేదు. అలాంటిచోట 'మేడమ్ ప్లాన్ చూపిస్తారట, ఒకసారి రమ్మన్నారు' అని కబురొస్తే ఎవరు మానగలరు? రేపు మొగుడికి సెలవు కావాలి, పిల్లాడి పెళ్లికి పాసు రాయించుకోవాలి, ఎండలో కిలోమీటర్ల కొద్దీ పట్టా నడిచే బీటు మార్చమని అడగాలి. సారు నోరు విప్పి ఒక్క మాట అనరు. అననక్కర్లేదు. మేడమ్‌గారి లెగ్‌లో, అంటే ఆవిడ కింది శాఖలో, పద్నాలుగు మంది పడతారు, అందరూ సారు కింద పనిచేసేవాళ్ల ఇళ్లలోవాళ్లే. పై ఊరినుంచి వచ్చిన అప్‌లైన్ (పై వరస మనిషి) మేడమ్‌గారిని వేదికెక్కించి శాలువా కప్పి "టీం బనానా ఇన్‌సే సీఖో" (టీం కట్టడం ఈవిణ్ణి చూసి నేర్చుకోండి) అంటాడు. ఏం నేర్చుకోవాలండీ? సారు ట్రాన్స్‌ఫరై నాగపూర్ వెళ్లిన నెలకి ఆ పద్నాలుగు ఐడీల్లో ఒక్కటీ వెలగలేదు.

రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమాలని 1966 నాటివి ఉన్నాయి. అందులో పదిహేనో నియమం చదివితే, రాసినవాళ్లు మా కాలనీలో కాపురం చేసే ఉంటారనిపిస్తుంది. ముందుగా అనుమతి లేకుండా ఉద్యోగి వ్యాపారం చేయకూడదు, ఇది అందరూ ఊహించేదే. ఇంట్లోవాళ్లు వ్యాపారమో, ఇన్సూరెన్సు ఏజెన్సీయో, కమిషన్ ఏజెన్సీయో నడుపుతుంటే ఆఫీసుకి తెలియజేయాలి. భార్య నడిపే అలాంటి ఏజెన్సీకి ఉద్యోగి ప్రచారం చేసిపెట్టినా అది నియమం తప్పినట్టే. 'ఐడీ మా ఆవిడ పేరు మీద ఉంది, నాకేం సంబంధం' అని తప్పించుకునే దారిని యాభై, అరవై ఏళ్ల కిందటే మూసేశారన్నమాట. ఆ పేజీ జిరాక్సు తీయించి యూనియన్ ఆఫీసు గోడకి అంటిస్తే బాగుండునని మావారితో అన్నాను. నీకెందుకు అన్నారు.

ఇంకో సంగతి. నెలాఖరు రోజున రిటైరయ్యేవాళ్లకి దండలేసి, మిఠాయి డబ్బా చేతికిచ్చి ఇంటిదాకా దిగబెడతారు. మర్నాటినుంచే గుమ్మంలో చెప్పులు పెరుగుతాయి. సెటిల్‌మెంట్ డబ్బు ఎంతొచ్చిందో భార్యకన్నా ముందు వీళ్లకి తెలుస్తుంది. 'ఒక్కసారి పెద్ద ప్యాకేజీ తీసుకోండి బాబాయిగారూ, నేరుగా పై ర్యాంకులోకి వెళ్లిపోతారు' అంటారు. వరండాలో డబ్బాలు పేర్చి, ఎక్స్‌పైరీ దాటాక మొక్కలకి పోసినవాళ్లని ఎరుగుదును. ఏ మొక్కా ఏపుగా పెరగలేదు.

అన్నట్టు, మా స్టేషన్ మీద రవీంద్రనాథ్ ఠాగూర్ కవిత ఉంది తెలుసా, 'ఫాంకీ' అని. జబ్బు మనిషి భార్యను తీసుకుని ఒకాయన బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆగుతాడు. రైల్వే కూలీ భార్య రుక్మిణి, కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలని ఆ ఇల్లాలికి చెప్పుకుంటుంది. ఇచ్చి రమ్మంటే భర్త చాటుకి పోయి రెండు రూపాయలిచ్చి, పాతికా ఇచ్చానని భార్యకి అబద్ధం చెబుతాడు. ఆవిడ పోయాక ఆ బాకీ తీరుద్దామని తిరిగొస్తే రుక్మిణి దొరకదు. చదివినవాళ్లంతా ఆ భర్త గురించే మాట్లాడతారు. నాకు రుక్మిణి నచ్చుతుంది. ఎందుకు కావాలో చెప్పింది, ఎంత కావాలో చెప్పింది, అంతే. 'దీదీ, మీ జీవితం మారిపోయే అవకాశం తెచ్చాను' అనలేదు.

మన తెలుగునాట ఈ గొడవ ఎంత దూరం పోయిందో కొంచెం చెప్పుకోవాలి. ఆమ్‌వే కంపెనీ మన దేశంలో 1998లో అమ్మకాలు మొదలెట్టింది. 2006లో ఆంధ్రప్రదేశ్ సీఐడీ దాని ఆఫీసుల మీద దాడులు చేసింది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆ పథకానికి 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం వర్తిస్తుందంటూ కంపెనీ పిటిషన్‌ను కొట్టేసింది. 2014లో కర్నూలు పోలీసులు కంపెనీ భారతదేశపు అధిపతిని అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్‌లో ఈడీ 757 కోట్ల పైచిలుకు ఆస్తులు జప్తు చేసింది. కేసులు కేసులే, కంపెనీ వాదన కంపెనీది. తమాషా ఏమిటంటే ఇదే కంపెనీ మీద అమెరికాలో కేసు నడిచినప్పుడు, 1979లో అక్కడి ట్రేడ్ కమిషన్ ఇది పిరమిడ్ కాదని తేల్చింది. కారణం ఏమిటో చూడండి. నెలలో కొన్న సరుకులో నూటికి డెబ్బై వంతులు అమ్మితేనే, కనీసం పదిమంది బయటి కొనుగోలుదార్లకి అమ్మితేనే బోనస్ ఇవ్వాలి, మిగిలిన సరుకు వెనక్కి తీసుకోవాలి అని కంపెనీలో నియమాలున్నాయి, వాటిని అమలు చేస్తున్నారు అని. ఆ పదిమంది బయటివాళ్ల మాట మా ఆదివారం చాపల మీద ఎవరి నోటా నేను వినలేదు.

మన ప్రభుత్వం కూడా 2016లో మార్గదర్శకాలు, 2021 డిసెంబరు 28న డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు తెచ్చింది. పిరమిడ్ పథకం నడపకూడదు. అమ్మేవాళ్లు ముందుగా అడిగి, గుర్తింపు కార్డు పెట్టుకుని మరీ ఇంటికి రావాలి. పక్కింటి ఒదిన మెడలో కార్డు వేసుకుని, అపాయింట్‌మెంట్ అడిగి వచ్చిన రోజు నేను హారతిచ్చి లోపలికి పిలుస్తాను.

ఈ నియమాలు వచ్చాక కూడా, 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచి ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక పోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు పల్లెల పిల్లలు. క్యూనెట్ అనే ఇలాంటి మరో కంపెనీతో ముడిపడిన ఆఫీసులో పనిచేసేవాళ్లని, డబ్బు కట్టి మరీ చేరారని బయటికొచ్చింది. అగ్నిప్రమాదం ఎక్కడైనా జరగొచ్చు. కానీ ఉద్యోగం అనుకుని ఎదురు డబ్బు కట్టి అక్కడ కూర్చున్నారన్నది తలుచుకుంటే ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంట్లో కూర్చుని అమ్మకాలు చేయకూడదా, టీము కట్టకూడదా అంటారా? ఎందుకు కూడదు! అమెరికాలో బ్రౌనీ వైజ్ అని ఒకావిడ, దుకాణాల్లో కదలని టప్పర్‌వేర్ డబ్బాలను ఇళ్లలో పేరంటాలు పెట్టి అమ్మించి చూపించింది. 1951లో కంపెనీ దుకాణాల్లో అమ్మకం మానేసి ఆవిడ పద్ధతికే వచ్చింది. మూత నొక్కితే గాలి ఎలా పోతుందో చేతికిచ్చి చూపించాలి, అది ఇంట్లోనే కుదిరేది. సరుకులో ఉన్న గుణం ఆ పద్ధతిని అడిగింది. 1958లో ఆవిణ్ణే కంపెనీ బయటికి పంపించింది, అది వేరే కథ.

అంత దూరం దేనికి, మా తోర్వాలో పిన్నిగారున్నారు. సోంపేట వైపు మనిషి. ఏటా దసరా ముందు పలాస నుంచి జీడిపప్పు తెప్పిస్తారు, వేసవిలో ఆవకాయ. బస్తాలు విజయనగరం దాకా వచ్చి, అక్కడ విశాఖ-కోర్బా లింకు ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాయి. ఆవిడ వరండాలో చాప మీద పప్పు ఏరుతుంటే చూడాలి, గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, నూక ఇంకోవైపు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారినా చేతులు తప్పవు. పక్కనే పాత డైరీ ఉంటుంది. అందులో మనుషుల పేర్లు తక్కువ. 'బెంగాలీ డాక్టరమ్మ, బద్ద, అరకేజీ, పాయసానికి.' 'మార్వాడీ సేఠానీ, గుండు, రెండు కేజీలు, దీపావళి డబ్బాలకి, పెద్దవే కావాలి.' 'ఎస్‌ఈసీఎల్ క్వార్టరు, నూక, హల్వా.' బాకీ ఉన్నవాళ్ల పక్కన ఎర్ర చుక్క. కొనేవాళ్లలో మూడొంతులు తెలుగువాళ్లు కానే కారు.

ఆవిడకీ టీముంది. హేమూనగర్‌లో ఒకరు, వైర్‌లెస్ కాలనీలో ఒకరు, లింక్ రోడ్డు వైపు ఒకరు. ముగ్గురూ మొదట ఆవిడ దగ్గర పప్పు కొన్నవాళ్లే, బాకీ చెప్పిన రోజుకి తెచ్చిచ్చినవాళ్లే. మాటకారులని చూసి తీసుకోలేదు. మొదటిసారి రెండే రెండు కేజీలు అరువిచ్చి, నాలుగిళ్లకి తానూ వెంట వెళ్లారు. ఎక్కడ రుచి చూపించాలి, ఎక్కడ ధర ముందు చెప్పాలి, ఎక్కడ చాయ్ తాగి ఊరికే లేచి వచ్చేయాలి అన్నది ఆ నాలుగిళ్లలోనే నేర్పారు. అమ్మితేనే వాటా. అమ్మంది నెల తిరక్కుండా వెనక్కి తెచ్చేయొచ్చు, మూతి ముడవరు. నాలుగో ఆవిడ ఒకరుండేవారు, అమ్మకం బ్రహ్మాండం, వసూలు సున్నా. ఆవిణ్ణి మానిపించలేదు, ప్యాకింగులో కూర్చోబెట్టి రోజుకూలీ ఇస్తున్నారు.

ఒకసారి హేమూనగర్ ఆవిడ, నా కింద మా ఆడపడుచును పెట్టుకుంటాను, నాకూ కొంచెం వాటా రానివ్వండి అని అడిగింది. పిన్నిగారు పప్పు ఏరడం ఆపలేదు. "నీ కిందొకర్తి, దాని కిందొకర్తి. అందరి కమీసనూ పప్పు మీదేత్తే కొనీవోలు ఎవులే?" అన్నారంతే. ఆడపడుచు నేరుగా పిన్నిగారి దగ్గరే రెండు కేజీలు తీసుకుని వెళ్లింది.

మీలో ఎవరైనా ఇప్పటికే ఐడీ తీసుకుని ఉంటే కంగారు పడకండి, తిట్టడానికి రాయలేదు ఇదంతా. ఓ ఆర్నెల్లు ఎవర్నీ చేర్చకండి. బోర్డు అటక మీద పెట్టి, సరుకు మాత్రం సంచిలో వేసుకుని, చుట్టాలూ మీవారి ఆఫీసువాళ్లూ కాని పదిమంది దగ్గరికి వెళ్లి అమ్మి చూడండి. రెండో నెల వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి అడిగితే మీ చేతిలో వ్యాపారం ఉన్నట్టు. అప్పుడు పని ఎక్కువై సాయం కావాలంటే టీము గురించి ఆలోచించండి. పదిమందీ ఫోనెత్తడం మానేస్తే, ఆరుగుర్ని చేర్చినా ఆ ఆరుగురికీ జరిగేది అదే.

ఈ ఆదివారం మీ ఇంటికి ఎవరైనా ప్లాన్ చూపించడానికి వస్తే చాయ్ ఇవ్వండి, ఆదరించండి, మన ఇంటికొచ్చిన మనిషి. ఒక్క ప్రశ్న మాత్రం అడగండి: 'పోయిన నెల, ఐడీ లేని బయటివాళ్లు మీ దగ్గర ఎంత కొన్నారు? బిల్లులు చూపిస్తారా?' చూపిస్తే వినండి. చూపించకుండా డబ్బు మాత్రం కట్టమంటే వద్దనండి. ఇప్పటికే కట్టి, సరుకు వెనక్కి తీసుకోనంటుంటే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు.